కాకెంగిలి జామముక్క

మా అత్తయ్య పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పెరట్లో కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. ఎదురింటివాళ్ళ ఫోనుకి రేపల్లె నుంచి పిలుపు వచ్చింది. నాన్నగారు వెళ్ళి మాట్లాడి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "అక్క తెల్లవారుజామున పోయిందంట" అన్నారు. నేను బ్రష్షు నోట్లోనే ఉంచుకుని ఆయన వైపు చూశాను. తర్వాత తోమడం పూర్తి చేశాను. లోపలి వైపు, చివరి పన్ను వెనక, చిగురు అంచున నెమ్మదిగా. చూసేవాళ్ళకి నా మనసు రాయి అనిపించి ఉంటుంది. కానీ సగంలో ఆపితే అత్తయ్య ఒప్పుకునేది కాదు.

ఇది చదివేవాళ్ళలో చాలామందికి ఆవిడ తెలియదు. రేపల్లెలో బియ్యం మిల్లుల వెనక వీధిలో ఒక పెంకుటింట్లో ఉండేది. ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి టీచరు. మామయ్య మిల్లులో గుమాస్తాగా చేసి, నాకు ఊహ తెలియకముందే పోయాడు. పిల్లలు లేరు. పేపర్లో వేసుకోదగ్గ విషయాలేవీ ఆవిడ జీవితంలో లేవు. అయినా రాయాలనిపించింది. కబురు తెలిసినప్పటి నుంచి ఆవిడ నవ్వు చెవిలో వినిపిస్తోంది, మనిషి మాత్రం కనపడదు.

అత్తయ్య నోరంతా తెరిచి నవ్వేది. ముందుపళ్ళ మధ్య చిన్న సందు ఉండేది, నవ్వినప్పుడు అదే ముందు కనపడేది. చెరుకు గడని పంటితో చీల్చేది. పీత కాలు పటుక్కున కొరికి, లోపలి కండ తీసి నా కంచంలో వేసేది. ఆదివారం గుళ్ళో బైబిలు వాక్యం చదవడం ఆవిడ పని. మైకు లేదు. ఆవిడ చదివితే చివరి బల్ల మీద కునికే ముసలాయన కూడా తల ఎత్తేవాడు. ఒకటో తరగతి పిల్లలకైనా, నాకైనా ఒకటే మాట చెప్పేది: "అన్నం నమిలి మింగాలి, మాట నమిలి వదలాలి."

నాకు మాటే వచ్చేది కాదు. మా ఇంట్లో నన్ను మూగి అనేవాళ్ళు కాదు గానీ, అనకుండా ఉండటానికి కష్టపడేవాళ్ళు. పుస్తకం ఉంటే చాలు, మనుషులు అక్కర్లేదన్నట్టు ఉండేదాన్ని. నాన్నగారిది బాపట్లలో ఉద్యోగం. నన్ను తెనాలిలో కాన్వెంటు హాస్టల్లో వేశారు. సెలవులొస్తే సగం బాపట్లలో, సగం రేపల్లెలో. రేపల్లె సగం కోసమే నేను క్యాలెండరు చూసేదాన్ని.

అత్తయ్య పెరట్లో జామచెట్టు ఉంది. పండిందీ పండనిదీ కాక మధ్యలో ఉండే దోరకాయ ఏదో ఆవిడకి చూడగానే తెలిసేది. కోసి, చీర కొంగు కాయ మీద కప్పి, గుడ్డ మీదుగా కొరికి రెండు ముక్కలు చేసేది. కాకెంగిలి. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి కాదని మనందరం చిన్నప్పుడు నమ్మిన సంగతే. పిల్లలు పెద్దయ్యాక మానేస్తారు, ఆవిడ మానలేదు. ఇంట్లో చాకు లేక కాదు. చాకుతో కోస్తే రుచి ఇనుముకి పోతుందనేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకి వెళ్ళాను. వెళ్ళిన రోజే కాయ కోసింది. కొంగు కప్పి కొరికింది. గుడ్డ తీసేసరికి తెల్ల చీర కొంగు మీద ఎర్రటి మరక. జామకాయ తెల్లటి కండ మీద కూడా పళ్ళ అచ్చు వెంట ఎర్రగా ఉంది. అత్తయ్య దానివైపు ఒక క్షణం చూసింది. నాకు ఇవ్వకుండా రెండు ముక్కలూ గోడ అవతలికి విసిరేసింది. "పురుగుందిలే" అంది. పురుగు లేదు. నేను అడగలేదు. ఆ సెలవులన్నీ చాకుతోనే కోసి ఇచ్చింది.

అప్పటి నుంచి ఒక్కొక్కటే గమనించాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. దగ్గరగా కూర్చుని చెప్పే కబుర్లు దూరంగా కూర్చుని చెప్పేది. పొద్దున్నే బ్రష్షు పక్కన పెట్టి, కచ్చిక బూడిదలో ఉప్పు కలిపి చూపుడువేలితో మెల్లగా రుద్దుకునేది. బ్రష్షు తగిలితే రక్తం వస్తోందని మానేసింది. రక్తం వచ్చే చోటిని కదపకూడదని మన ఇళ్ళల్లో అందరూ అనుకునేదే. రేపల్లెలో పళ్ళు పీకే ఆయన దగ్గరికి ఒకసారి వెళ్ళొచ్చింది. అన్నీ తీసేసి సెట్టు కట్టించుకోమన్నాడట. పై పళ్ళు పీకితే చూపు పోతుందని ఎవరో అన్నారు. చూపు పోతే వాక్యం ఎలా చదవాలని ఊరుకుంది. అయినా చదవడం ఆ సంవత్సరమే మానేసింది. గొంతు బాగాలేదని చెప్పింది.

చదవడం మానేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం కూడా మానేసింది. అది అందరూ పట్టించుకున్నారు.

మా సంఘంలో నెలకోసారి ఆ బల్ల సంస్కారం, అంటే ప్రభువు భోజనం, ఇస్తారు. వరసగా వెళ్ళి బలిపీఠం ముందు మోకరిస్తే, పాస్టరుగారు అప్పం నోట్లో పెట్టి, ద్రాక్షారసం గిన్నె పెదవులకి ఆనిస్తారు. అందరికీ గిన్నె ఒకటే. ఒకరు తాగాక అంచుని తెల్లటి గుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్ళకి ఇస్తారు. ధనిక, పేద, మిల్లు యజమాని, మిల్లు కూలీ, అందరూ ఆ అంచు మీదే. ఎవరైనా వెళ్ళకుండా కూర్చున్నారంటే కారణం ఒకటే అనుకుంటారు. ఎవరితోనో పడలేదు, లేదా ఏదో పాపం ఒప్పుకోలేదు.

అత్తయ్య నెలల తరబడి కూర్చునే ఉంది. పాటల దగ్గర పాస్టరమ్మగారితో మాట పట్టింపు వచ్చిందని కొందరు అన్నారు. మామయ్య తరఫు వాళ్ళతో ఇంటి తగాదా అని కొందరు. సంఘపెద్దగారి భార్య ఇంకో మాట కూడా అందట, అది నాతో ఎవరూ చెప్పలేదు. పాస్టరుగారే ఒక సాయంత్రం ఇంటికి వచ్చారు. నేను లోపల పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. "ఎవరిమీదైనా మనసులో ఏదైనా ఉంటే చెప్పండమ్మా, నేను మాట్లాడతాను" అన్నారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమీ లేదండి అయ్యగారూ" అంది. ఆయన ఇంకాసేపు కూర్చుని, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. 

ఆయన వెళ్ళాక అత్తయ్య నా పక్కన కూర్చుంది. ఎంతోకాలం తర్వాత దగ్గరగా.

"నా నోట్లోంచి రక్తం వస్తోందే. గిన్నెకి అంటితే? నా వెనక తాగేవాళ్ళు ఏం చేశారని?"

"అయ్యగారికి చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"చెప్తే మంచివాడు, నాకు విడిగా ఇస్తాడు. విడిగా ఇస్తే బల్ల ఎందుకవుతుంది? అది మందు తాగినట్టు. ఊళ్ళో తెలిస్తే ఆ తర్వాత నా వెనక మోకరించేవాళ్ళు ఉండరు. నీకే చెప్పాను. నువ్వైతే ఎవరికీ చెప్పవు, నీకు మాటలు రావుగా" అని నా జడ లాగింది.

అలా ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే అయ్యాం. ఆవిడకి పళ్ళ మీద ఆశ లేదు. ఆ అంచు మీద తన చోటు కావాలి, అంతే. నాకూ అదే కావాలనిపించింది.

నేను చెప్పలేదు గానీ, ముందుపళ్ళు కదులుతున్నాయని మాత్రం నాన్నగారికి ఆవిడే చెప్పింది. ఆయన ఆఫీసులో ఎవరినో అడిగితే, తెనాలిలో చిగుళ్ళకని ప్రత్యేకంగా చదువుకున్న డాక్టరు ఒకాయన వచ్చారని తెలిసింది. అత్తయ్యకి నవ్వొచ్చింది. "చిగుళ్ళకి వేరే డాక్టరా? రేపు నాలిక్కి ఒకడొస్తాడు, అంగిటికి ఇంకొకడు." అయినా వస్తానంది. నేను తోడు వెళ్ళాలని షరతు పెట్టింది.

శనివారం మధ్యాహ్నం హాస్టల్లో సిస్టరు అనుమతి ఇచ్చేవారు. ఒక ముసలాయన రిక్షాలో నన్ను స్టేషన్‌కి దింపేవాడు, నేను తాతా అని పిలిచేదాన్ని. రేపల్లె రైలు వచ్చి ఆగేది. అత్తయ్య గుడ్డసంచీతో దిగేది. మేం నడిచి వెళ్ళేవాళ్ళం.

మొదటిసారి డాక్టరుగారి గదిలోకి వెళ్ళగానే అత్తయ్య నోరు బిగించుకుంది. ఎదురుగా కొత్త మగమనిషి, చేతిలో అద్దం. "ఏంటమ్మా ఇబ్బంది?" అని ఆయన అడిగితే నా మోచేతిని పొడిచింది. నేను నేల వైపు చూశాను. మళ్ళీ పొడిచింది. ఆ గదిలో మాట్లాడటానికి నేను తప్ప ఎవరూ లేరు.

"మా అత్తయ్యకండి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందండి. ముందుపళ్ళు కదులుతున్నాయండి."

"బ్రష్ చేసుకుంటారా?"

"రక్తం వస్తోందని మానేసిందండి. కచ్చిక, ఉప్పు."

ఆయన తిట్టలేదు. నెమ్మదిగా, ఊరివాళ్ళ యాసలో మాట్లాడారు. సొంతూరు పక్కనే అంగలకుదురట. సన్నటి పుల్లలాంటి పరికరంతో ప్రతి పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచారు. ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టి మాకు చూపించారు. పళ్ళు గట్టివే, వాటిని పట్టుకున్న ఎముక కరుగుతోంది అన్నారు. పళ్ళ మొదట్లో పేరుకున్న గార చిగురు లోపలికి దిగి వేళ్ళ దాకా పోయింది, దాన్ని తీయాలి అన్నారు.

అప్పుడు అత్తయ్య కొంగు చాటు నుంచి నోరు విప్పింది. "గార తీస్తే పళ్ళు ఊడిపోతాయంటారు కదండి. ఉన్నవాటిని అదే పట్టి ఉంచిందేమోనండి."

"గోడకి చెదపుట్ట ఆనుకుని ఉంటుందమ్మా. పుట్ట వల్లే గోడ నిలబడిందని ఎవరైనా అంటారా?"

అత్తయ్య కొంగు కదిలింది. నవ్విందని నాకు తెలిసింది.

లేచేముందు నా చెవిలో ఒక ప్రశ్న చెప్పింది. నేను డాక్టరుగారిని అడిగాను. "మా గుళ్ళో అందరూ ఒకే గిన్నెలో తాగుతారండి. ఈవిడ తాగితే వేరేవాళ్ళకి వస్తుందాండి?"

డాక్టరుగారు పరికరాలు సర్దడం ఆపారు. ఇది జలుబులా ఒకరి నుంచి ఒకరికి దూకే జబ్బు కాదన్నారు. "అయినా రక్తం వచ్చే నోటితో వద్దనుకోవడం తప్పు కాదమ్మా. మీరు ఆలోచించింది మంచి ఆలోచనే. ముందు రక్తం ఆపుదాం. ఆగుతుంది." షుగరు పరీక్ష కూడా చేయించుకు రమ్మన్నారు. చేయిస్తే ఉన్నట్టు తేలింది. అదీ చిగుళ్ళని తినేస్తుందట.

బయటికి వచ్చి నడిచి, స్టేషను దగ్గర అత్తయ్య, "ఆగుతుందన్నాడు కదే" అంది. నేను తలూపాను. "నోటితో చెప్పు" అంది. ఆగుతుందన్నారు అత్తయ్యా అని చెప్పాను.

గార తీయడం మొదలైంది. గీకుతుంటే వచ్చే చప్పుడుకి బయట కూర్చున్న నాకు ఒళ్ళు జలదరించేది. ఒకటి రెండు శనివారాలు గడిచాక, ఒక శనివారం రేపల్లె రైలు వచ్చింది, అందరూ దిగిపోయారు. అత్తయ్య దిగలేదు. పెట్టెపెట్టెకీ వెళ్ళి చూశాను. ఖాళీ బెంచీలు, వేరుశనగ తొక్కలు. ఇంకా అక్కడే నిలబడి ఉన్న రిక్షా తాతతో హాస్టల్‌కి కబురు పంపి, అదే రైలు తిరుగు ప్రయాణానికి టికెట్టు తీసుకుని ఎక్కేశాను. ఒంటరిగా రైలెక్కడం అదే మొదటిసారి. వేమూరు, భట్టిప్రోలు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటే, ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంటూ కూర్చున్నాను.

అత్తయ్య పెరట్లో చేతి అద్దం పట్టుకుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పళ్ళు చూపించింది. పంటికీ పంటికీ మధ్య నల్లటి సందులు. "చూడు, గార తీసేసి గోడకి కంతలు పెట్టాడు మీ డాక్టరు. ఎప్పుడో ఒకసారి కదిలేవి ఇప్పుడు ఊగుతున్నాయి. నేను చెప్తే విన్నాడా?"

నేను కూర్చోలేదు. నిలబడే మాట్లాడాను. ఆ సందులు కొత్తవి కావనీ, వాపు వల్ల చిగురు ఉబ్బి కప్పేసిందనీ, ఇప్పుడు వాపు తగ్గి పైకి కనిపిస్తున్నాయనీ, పుట్ట తవ్వేశాక గోడకి ఉన్న బొరియలు బయటపడతాయి తప్ప తవ్వడం వల్ల రావనీ, ఇప్పుడు మానేస్తే మళ్ళీ పుట్ట పెడుతుందనీ చెప్పాను. డాక్టరుగారు ముందే చెప్పారనీ, ఆవిడ భయంతో విని ఉండదనీ కూడా చెప్పాను. ఊపిరి అయిపోయి ఆగాను.

అత్తయ్య నన్నే చూస్తోంది. "ఇన్ని మాటలు ఎక్కడ దాచావే?" అంది. తర్వాత నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. సందులన్నీ కనపడ్డాయి. నాకు అంత అందమైన నవ్వు మళ్ళీ ఎక్కడా కనపడలేదు.

తెల్లవారితే సంస్కారం ఆదివారం. నాకప్పటికి కన్ఫర్మేషన్ అయింది, బల్ల దగ్గరికి నేనూ వెళ్ళొచ్చు. మా వరస వచ్చినప్పుడు అందరూ లేచారు. అత్తయ్య కూర్చునే ఉంది, నేనూ కూర్చున్నాను. "వెళ్ళవే" అని గొణిగింది. నేను వెళ్ళలేదు. మా ఇద్దరి మోకాళ్ళని దాటుకుంటూ మనుషులు ముందుకి పోయారు. బయటికి వచ్చాక సంఘపెద్దగారి భార్య పక్కావిడతో మాకు వినపడేట్టే అంది. "మేనత్త కోపం మేనకోడలికి కూడా అంటుకుందమ్మా. రేపు జామచెట్టుకి కూడా అంటుకుంటుంది." అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నడిచింది. వీధి మలుపు తిరిగాక, "జామచెట్టు మాట బానే అంది" అని మళ్ళీ నవ్వింది.

నన్ను దిగబెట్టడానికి ఆ సాయంత్రం తనే తెనాలి వచ్చి, సిస్టరుకి సర్దిచెప్పింది. శిక్షగా నన్ను లైబ్రరీ అలమరాలు దులపమన్నారు. అది నాకు శిక్ష కాదని సిస్టరుకీ తెలుసు.

తర్వాత వైద్యం గట్టిదే జరిగింది. నోట్లో ఒక్కో మూల మత్తు ఇచ్చి, చిగురు కోసి తెరిచి, లోపలి వేళ్ళు శుభ్రం చేసి, కుట్లు వేసి, పైన గులాబిరంగు ముద్దలాంటిది అంటించేవారు. కింది ముందుపళ్ళని సన్నటి తీగతో ఒకదానికొకటి కట్టారు. ఒకదాన్ని మాత్రం కాపాడలేకపోయారు. మెత్తటి బ్రష్షుతో ఎలా తోమాలో పిల్లలకి అఆలు నేర్పినట్టు నేర్పారు. అత్తయ్య శ్రద్ధగా నేర్చుకుని, అంతకంటే శ్రద్ధగా నాకు నేర్పింది. "వాకిలి ఊడ్చేటప్పుడు మూలలు వదిలేస్తావా? చిగురు అంచే మూల" అనేది.

ఆ శనివారాలు నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియదు. కోత అయ్యాక ఆవిడ మాట్లాడకూడదు. రేపల్లె రైలుకి ఇంకా టైము ఉండేది. ప్లాట్‌ఫాం మీద బెంచీ మీద కూర్చునేవాళ్ళం. ఆవిడ సంచీలోంచి మజ్జిగ సీసా తీసి గుటక వేస్తూ, నా పుస్తకం వైపు గడ్డం ఎత్తేది. చదవమని. మొదట నా ఒళ్ళోకి చదివేదాన్ని. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేది, వినపడటం లేదని. కాస్త గట్టిగా చదివితే చెయ్యి ఇంకా ముందుకి వంచేది. ఒకరోజు పక్క బెంచీలో పెద్దాయన, "తర్వాతేమైందమ్మా?" అని అడిగేసరికి నేను చచ్చిపోయాననుకున్నాను. అత్తయ్య బుగ్గ వాపుతో, కళ్ళతోనే నవ్వింది. రైలు కదిలాక కిటికీలోంచి చెయ్యి చాచి, గుళ్ళో చివరి బల్ల వైపు చూపించినట్టు దూరంగా చూపించేది. అంతదూరం వినపడాలని.

మళ్ళీ జామకాయల కాలం వచ్చింది. నేను రేపల్లెలో ఉన్నాను. ఆదివారం పొద్దున, గుడికి వెళ్ళే తెల్లచీర కట్టుకుని అత్తయ్య పెరట్లోకి వెళ్ళింది. దోరకాయ కోసింది. నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టింది. కొంగు కప్పి, గట్టిగా, పంటి బలమంతా పెట్టి కొరికింది. కొంగు తీసేముందు కళ్ళు మూసుకుంది. "నువ్వు చూసి చెప్పు" అంది.

గుడ్డ తడిసి ఉంది. పళ్ళ అచ్చు ఉంది, తీసేసిన పన్ను చోట ఖాళీతో సహా. ఎరుపు లేదు.

"తెల్లగా ఉంది అత్తయ్యా."

ఆవిడ కళ్ళు తెరిచి చూసుకుంది. ఎండ వైపు తిప్పి చూసింది. ఒక ముక్క నాకు ఇచ్చింది. ఇద్దరం తిన్నాం. తర్వాత గుడికి వెళ్ళాం. వరస వచ్చినప్పుడు ఆవిడ లేచింది. గుళ్ళో తలలు తిరిగాయి. మోకరించి గిన్నె అందుకుంది. పాస్టరుగారు అంచు తుడుస్తుంటే ఆవిడ తల వంచుకోలేదు, ఆ గుడ్డనే చూసింది. గుడ్డ తెల్లగానే ఉంది. ఆయన గిన్నె కాస్త తిప్పి నాకు ఆనించారు. పాస్టరుగారు ఆ రోజూ ఏమీ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, వచ్చే ఆదివారం వాక్యం మీరే చదవాలమ్మా అన్నారు.

కొన్నాళ్ళకి సంఘపెద్దగారి భార్య పెరటి దారిన వచ్చింది. కొంగు నోటికి అడ్డం. కాసేపు పప్పుల ధరలు, ఎండల సంగతి మాట్లాడింది. తర్వాత మెల్లగా, "ఆ తెనాలి డాక్టరు ఎక్కడుంటాడు వదినా?" అని అడిగింది. అత్తయ్య పాత సంగతి ఎత్తనైనా ఎత్తలేదు. శనివారం రైలుకి తనే వెంటబెట్టుకుని వెళ్ళింది. "గార తీస్తే సందులు కనపడతాయి, నాలాగా పారిపోకు" అని దారంతా చెప్పిందట. ఆ తర్వాత ఆ రైలుకి ఆవిడతో ఇంకెందరు వెళ్ళారో నాకు తెలియదు.

నేను కాలేజీ చదువు పూర్తి చేసి బాపట్లలో ఒక స్కూలు లైబ్రరీలో చేరాను. చిగుళ్ళ దగ్గర ఆగిన జబ్బు లోపల ఆగలేదు. షుగరు మూత్రపిండాల దాకా వెళ్ళింది. కిందటి వానాకాలం చూడటానికి వెళ్ళినప్పుడు అత్తయ్య మంచం మీదే ఉంది. జామకాయ తినకూడదన్నారు. పొద్దున్నే మంచం దగ్గరికి చెంబు, గిన్నె, బ్రష్షు తెమ్మంది. చెయ్యి వణుకుతుంటే నేను పట్టుకోబోయాను. వద్దంది. చాలాసేపు పట్టింది. పుక్కిలించిన నీళ్ళు గిన్నెలో తెల్లగా ఉన్నాయో లేదో చూసుకుంది. తర్వాత వాక్యం చదవమంది. నేను చదువుతుంటే, చెయ్యి ఎత్తే ఓపిక లేక, వేలు మాత్రం దుప్పటి మీద దూరంగా జరిపింది.

చనిపోయిన రోజు మేం వెళ్ళేసరికి ఆవిడని కడిగి తెల్లచీర కట్టారు. కట్టినవాళ్ళలో సంఘపెద్దగారి భార్య ఉంది. నన్ను పట్టుకుని ఏడుస్తూ, "పళ్ళు సొంతవే తీసుకెళ్ళిందమ్మా మీ అత్త, ఒక్కటి తప్ప" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. గుళ్ళో వాక్యం నన్ను చదవమన్నారు. నేను లేచి నిలబడి చివరి బల్ల వైపు చూశాను. అక్కడ ఎవరో తల ఎత్తేదాకా గొంతు పెంచుతూ చదివాను.

మర్నాడు తిరిగి వచ్చేటప్పుడు నాన్నగారు తెనాలిలో బాపట్ల రైలు టైము కనుక్కోవడానికి వెళ్ళారు. నేను మా బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా మేం దిగిన రైలే, రేపల్లెకి తిరిగి వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. బుట్టలో జామకాయలు అమ్ముతూ ఒకావిడ వచ్చింది. "కోసి ఉప్పూకారం వెయ్యనా అమ్మా?" అని అడిగింది. వద్దని చెప్పి కాయ అలాగే తీసుకున్నాను. చీర కొంగు కప్పి కొరికాను. గుడ్డ తీసి చూశాను. తెల్లగా ఉంది. కాయ రెండు ముక్కలైంది.

రైలు కూత వేసింది. కిటికీలు ఒక్కొక్కటే నా ముందు నుంచి జరిగిపోయాయి. చివరి పెట్టె దాటి, పట్టాల మీద ఎండ మిగిలేదాకా, నేను ఆ రెండో ముక్కని చాచిన చేతిలోనే పట్టుకుని ఉన్నాను.